ఆరుగురిని చెప్పమన్నారు

గోడకి ఒక మేకు కొట్టడం కోసం ఆ బుధవారం షెడ్డులో పని ఆపించారు.

ఆ షెడ్డులో పని ఆగడమంటే ఆషామాషీ సంగతి కాదు. గాలివానకి పైరేకు లేచిపోయి కాగితం గుట్ట తడిసిపోతున్నప్పుడు కూడా ఆగలేదు. సగంమంది తడికాగితం పక్కకి లాగుతుంటే మిగతా సగంమంది ఏరుతూనే ఉన్నారు. కాగితం బేలు జారిపడి మేస్త్రక్క భర్త కాలు నుజ్జయిన నాడు మాత్రం, ఆయన్ని బండెక్కించి పంపేదాకా ఆగింది. అలాంటిది ఒక పటం తగిలించడానికి అందరినీ లేచి నిలబడమనేసరికి ఆడవాళ్ళకి వింతగా తోచింది.

"మేనేజరుగారి పెళ్ళి ఫొటో అయ్యుంటుంది. ఆవిడ ఇంట్లో ఉంచనిచ్చి ఉండదు," అంది రేడియో.

ఆమెని రేడియో అని ఎందుకంటారో కొత్తగా చేరినవాళ్ళకి కూడా మొదటి రోజు మధ్యాహ్నానికల్లా తెలిసిపోతుంది. అందరూ కిసుక్కున నవ్వారు. మేస్త్రక్క తనకీ వచ్చిన నవ్వు ఆపుకుని, "ఊరుకోవే, వింటారు," అని కసిరింది.

ఊరంతా పారేసిన కాగితం లారీల్లో వచ్చి ఆ షెడ్డులో గుట్టగా పడుతుంది. ఆడవాళ్ళు గుట్ట చుట్టూ పీటలు వేసుకుని కూర్చుని ఏరతారు. తెల్లకాగితం ఒక బుట్టలోకి, వార్తాపత్రికలు ఒకదాంట్లోకి, అట్టముక్కలు మరోదాంట్లోకి. పిన్నులు పీకాలి, టేపులు ఒలవాలి, కవర్ల కిటికీలకంటించిన ప్లాస్టిక్ చించాలి. బంక పిన్ని అని ఒక ముసలావిడ ఉంది. పాత పుస్తకాల వీపున గట్టిపడ్డ బంకని బొటనవేలితో ఒక్క ఒలుపు ఒలిచేస్తుంది. ఏరిందంతా బేళ్ళు కట్టి వెనకనున్న మిల్లుకి పంపితే, అక్కడ నానబెట్టి, గుజ్జు చేసి, మళ్ళీ కాగితం తీస్తారు. ఇరవైనాలుగు మంది ఆడవాళ్ళు. వాళ్ళ మీద మేస్త్రక్క. బుట్టలు తిరగేసి చూడడం, తప్పు ఏరినచోట చెయ్యి పట్టుకుని చూపించడం ఆమె పని. మిగిలిన టైములో తనూ ఒక పీట లాక్కుని కూర్చుంటుంది.

మేకుకి తగిలించింది పెళ్ళి ఫొటో కాదు. తలుపంత కాగితం, దాని మీద రెండు గీతలు, ఒకటి ఎరుపు, ఒకటి నీలం. హెడ్డాఫీసు నుంచి వచ్చిన కళ్ళజోడాయన దాని పక్కన నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"ఇది మన దేశం," అన్నాడు ఎర్రగీత మీద వేలుంచి. "ఇది కొండల అవతలి దేశం. చిత్తుకాగితం నుంచి ఏడాదికి ఎంత కాగితం వెనక్కి రాబట్టుకుంటున్నామో ఈ గీతలు చెబుతాయి. ఇరవయ్యేళ్ళ కిందట చూడండి, ఇద్దరమూ ఒకచోటే ఉన్నాం. గీత మీద గీత పడింది. ఆ తర్వాత వాళ్ళది లేచింది. మనది ఇదిగో, ఇలా పాకుతోంది. ఇవాళ మనం ఒక వంతు రాబడితే వాళ్ళు మూడు వంతులు రాబడుతున్నారు."

"మనకంటే వాళ్ళు ఎక్కువ పారేస్తారేమో సార్," అంది రేడియో.

ఆయన నవ్వాడు. చెడ్డమనిషిలా లేడు. "పారేసేది ఇంచుమించు సమానమేనమ్మా. మనం పారేసినదాంట్లో చాలావరకు ఇక్కడిదాకా రావట్లేదు. వచ్చింది కూడా చేత్తో ఏరలేక మిగిలిపోయి, తడిసి, కుళ్ళి, తగలబడిపోతోంది. ఆ మేరకి చెట్లు కొట్టాల్సొస్తోంది. పాపం కదా?"

పాపమే. ఆడవాళ్ళు తలలూపారు. షెడ్డు వెనక రోజూ తగలబడే గుట్ట పొగ మింగేది వాళ్ళే.

మేస్త్రక్క నీలంగీత వంకే చూస్తోంది. ఆమె చెల్లెలు ఉన్నది ఆ దేశంలోనే. పద్నాలుగేళ్ళ కిందటిదాకా ఈ షెడ్డులోనే, పక్క పీట మీదే కూర్చుని ఏరేది. మొగుడితో పాటు కొండలు దాటి వెళ్ళి అక్కడా కాగితం షెడ్డులోనే చేరింది. ఫోన్లలో చెబుతూ ఉండేది: అక్కడ నేల మీద కూర్చోనక్కర్లేదట, కాగితమే బెల్టు మీద కదిలి చేతి దగ్గరికొస్తుందట, ముక్కుకి గుడ్డా చేతికి తొడుగులూ వాళ్ళే ఇస్తారట. ఆ మాటలన్నీ రేడియో నోటివెంట షెడ్డంతా పాకి, ఆ దేశానికి ఇక్కడ 'మేస్త్రక్క చెల్లెలి ఊరు' అని పేరు పడిపోయింది.

"మీ చెల్లెలి ఊరు చూశావా, ఎంత ఎత్తుకెక్కిందో," అని రేడియో ఆమె పక్కలో పొడిచింది. మేస్త్రక్కకి లోలోపల కాస్త గర్వంగానే అనిపించింది. ఆ గీత లేవడంలో తన చెల్లెలి చెయ్యి కూడా ఉంది కదా అనుకుంది.

సాయంత్రం మేనేజరు ఆమెని గదిలోకి పిలిచి, "కూర్చో," అన్నాడు.

ఇన్నేళ్ళలో ఆ గదిలో ఆమెని ఎవరూ కూర్చోమనలేదు. కుర్చీ అంచుమీద ఆనీ ఆననట్టు కూర్చుంది.

"మనకీ బెల్టు వస్తోంది. సోమవారం దింపుతారు. పెద్ద మోటారు, పెద్ద జల్లెడ. దాని దగ్గర నిలబడడానికి ఆరుగురు చాలు."

"మిగతావాళ్ళు సార్?"

అతను బల్లమీద పెన్ను అటు దొర్లించి ఇటు దొర్లించాడు. "అదే చెబుతున్నా. ఎవరు చురుకో, ఎవరు కాదో నాకేం తెలుసు? నీకు తెలుసు. శనివారం పొద్దున్నే వచ్చి ఆరుగురి పేర్లు చెప్పు. నువ్వు చెబితే వాళ్ళూ కిమ్మనరు. నీ మాటంటే గురి కదా వాళ్ళకి."

"నేనా సార్?"

"మరెవరు? మేస్త్రివి నువ్వే కదా," అని ఆమె ముందుకి టీ గ్లాసు జరిపాడు.

ఆ టీ తాగకపోతే బాగుండదని తాగింది. వేడో చల్లో కూడా తెలియలేదు.

*

ఆమె ఎవరితోనూ చెప్పలేదు. కానీ బెల్టు దింపడానికి నేల కొలవడానికొచ్చిన తాపీమేస్త్రీ నోరుజారాడు. గురువారం పొద్దున్నకల్లా షెడ్డంతా తెలిసిపోయింది.

ఆమె వెళ్ళేసరికే ఆమె పీట తుడిచి పెట్టి ఉంది. దాని మీద ఎవరిదో మెత్తటి దిండు. పక్కన మూతపెట్టిన చెంబులో నీళ్ళు. గుట్ట చుట్టూ ఎన్నడూ లేనంత నిశ్శబ్దంగా, ఎన్నడూ లేనంత వేగంగా చేతులు ఆడుతున్నాయి. మామూలుగా మధ్యాహ్నానికి నిండే బుట్టలు టీ వేళకే నిండిపోయాయి. ఆమె ఎవరి వెనక నిలబడితే వాళ్ళ వీపు బిగుసుకుపోతోంది. తప్పు కనిపించినా చెయ్యిపట్టుకుని చూపించడానికి ఆమెకి ధైర్యం చాలలేదు. ఇవాళ తప్పు అంటే దానర్థం వేరు.

అందరికంటే చిన్నది, పెళ్ళయి ఆరునెలలే అయిందని 'కొత్తకోడలు' అని పిలిచే పిల్ల, కుళాయి దగ్గర ఆమెకి అడ్డం వచ్చింది.

"అక్కా, చిన్నపిల్ల, ఎక్కడైనా బతుకుతుందిలే అనుకుంటావేమో. మా అత్త నన్ను ఇంట్లో ఉండనిచ్చేది ఈ పని చూసే. ఇది పోతే ఆ గుమ్మంలో నేను అడుగుపెట్టలేను."

"ఎవరే నీకు చెప్పింది?"

"నువ్వు కాదను మరి, చూద్దాం."

మేస్త్రక్క కాదనలేకపోయింది. పిల్ల గబుక్కున ఆమె కాళ్ళకి వంగబోతే భుజాలు పట్టుకుని ఆపింది. ఆ భుజాలు పుల్లల్లా ఉన్నాయి.

రేడియో ఏమీ అడగలేదు. రోజంతా నోరు విప్పలేదు. అది మరీ దుర్భరంగా ఉంది. సాయంత్రం ముఖాలు కడుక్కునేటప్పుడు మాత్రం ఆమె పక్కకొచ్చి నిలబడి, కుళాయి వంకే చూస్తూ అంది: "నేను నిన్ను అడగను. అడిగితే నువ్వు ఇరుకున పడతావు. నాకు ఇద్దరు పిల్లలన్న సంగతి నీకు తెలియంది కాదు, మా ఆయన సంగతీ తెలియంది కాదు. అందుకని అడగను." అడగనంటూనే అంతా అడిగేసి, చెయ్యి విదిల్చుకుని వెళ్ళిపోయింది.

బంక పిన్ని అసలు తలెత్తలేదు. మేస్త్రక్క చూస్తున్నదని తెలిసి, వణుకుతున్న ఎడమచేతిని ఒళ్ళో కాగితాల కింద దాచుకుంది. కుడిచేత్తోనే ఒలుస్తోంది. బొటనవేలి గోరు చీలి రక్తం వస్తున్నా ఆపలేదు. తెల్లకాగితం మీద ఎర్రటి మరకలు పడుతుంటే, ఆ కాగితాలు అడుక్కి తోసి పైన వేరేవి కప్పుతోంది. మేస్త్రక్క తన తలగుడ్డ అంచు చించి ఆ వేలికి కట్టబోయింది.

"వద్దులేవే. కడితే చెయ్యి ఆడదు," అంది పిన్ని.

ఇంట్లో భర్త గోడకి జారబడి, పనికిరాని కాలు బార్లా చాపుకుని, పాత పత్రికలతో పొట్లాలు అంటిస్తున్నాడు. కాలు పోయిన దగ్గర్నుంచీ ఆయనకి అదే పని, ఆపై నోటి పని. జరిగిందంతా విని చేతిలో పొట్లం నేర్పుగా మడిచి పక్కన పెట్టాడు.

"ఇందులో కొట్టుకుపోవడానికేముంది? ముందు నీ పేరు చెప్పు. ఇంకో అయిదుగురు. వయసులో చిన్నవాళ్ళని చెబితే ఎవరూ నిన్ను తప్పుపట్టరు."

"పిన్ని ఏమవుతుంది?"

"మనం ఏమవుతాం, అది చెప్పు."

నెలాఖరు మందుల గురించి ఆయన ఎత్తలేదు. ఎత్తకుండానే ఆ మందుల సీసాల వంక ఇద్దరూ ఒకేసారి చూశారు.

అప్పుడే ఆమెకి చెల్లెలు గుర్తొచ్చింది. చెల్లెలి దగ్గరికి తనూ వెళ్ళిపోతే? అక్కడ మూడు వంతులు కాగితం తీస్తున్నారంటే మనుషులు కావాలి కదా. తను వెళ్ళిపోతే ఇక్కడ ఒక చోటు మిగులుతుంది. పిన్నికో, రేడియోకో. ఈ ఆలోచన రావడంతోనే లేచి నిలబడింది. ఫోన్ చేసింది. మోగలేదు. మళ్ళీ చేసింది. ఆ నంబరు వాడకంలో లేదని ఎవరో ఆడమనిషి తీరిగ్గా చెప్పింది.

*

శుక్రవారం సాయంత్రం ఆమె ఇంటికొచ్చేసరికి చెల్లెలు గుమ్మంలో కూర్చుని బావగారితో కలిసి పొట్లాలు అంటిస్తోంది.

మేస్త్రక్క ఒక్క ఉదుటున వెళ్ళి దాని తల పట్టుకుని రొమ్ముకి అదుముకుంది. చెల్లెలు ఒక్క సంచీతో వచ్చింది. బస్సులో రెండు రోజులు కూర్చుని పాదాలు పొంగిపోయి ఉన్నాయి. చిక్కిపోయింది. కానీ వేసుకున్న కోటు మంచిది. కాలికి మేజోళ్ళున్నాయి.

"చెప్పాపెట్టకుండా ఏంటే? ఫోను మార్చావా? మీ ఆయనేడీ?"

"ఆయన అక్కడే ఉన్నాడు. ఇటుకల పని ఏదో దొరికింది. నువ్వు ముందు కూర్చో, చెబుతా."

"నువ్వే అదృష్టంలా వచ్చావే! నేనే నీ దగ్గరికి వద్దామనుకుంటున్నా." మేస్త్రక్క కూర్చోలేదు. కాళ్ళు కడుక్కోలేదు. నిలబడే అంతా చెప్పేసింది, మేకూ, పటమూ, రెండు గీతలూ, టీ గ్లాసూ. "నన్ను నీతో తీసుకుపోవే. మీ దగ్గర కాగితం మూడింతలు తీస్తున్నారట కదా, ఓ మూల నిలబెట్టలేరా నన్ను? ఇక్కడ నా చోటు ఇంకొకరికి ఇచ్చేస్తాను. మీ బావని ఆర్నెల్లలో తెచ్చుకుంటాను."

చెల్లెలు అంటిస్తున్న పొట్లం వదల్లేదు. అంచు తడి ఆరిపోయింది. మళ్ళీ బంక రాసింది. అప్పుడు చూసింది మేస్త్రక్క దాని చేతుల్ని. పద్నాలుగేళ్ళ కిందట ఆ చేతులు తన చేతుల్లాగే కోసుకుపోయి, నల్లగా, గరుకుగా ఉండేవి. ఇప్పుడు శుభ్రంగా ఉన్నాయి. ఎప్పటినుంచో పనిలేని చేతుల్లా ఉన్నాయి.

"అక్కా," అంది చెల్లెలు, "మన షెడ్డులో నాకేమన్నా చోటు దొరుకుతుందేమోనని నేనే వచ్చాను."

చెల్లెలు తల వంచుకునే చెప్పుకుపోయింది.

"నేను చేరినప్పుడు అరవైమందిమి. బెల్టు వచ్చినప్పుడు పదిహేను మంది చాలన్నారు. ఆ తర్వాత కెమెరా కన్నున్న మెషినొచ్చింది. ఏ కాగితం ఏదో అదే చూసుకుంటుంది, ఫుస్సుమని గాలి ఊది పక్కకి తోస్తుంది. అప్పుడు నలుగురు చాలన్నారు. పోయిన ఏడాది నలుగురూ అక్కర్లేదన్నారు. కాగితం మాత్రం ఏటికేడాదీ ఎక్కువే వచ్చింది. ఆ పటం అబద్ధం కాదక్కా."

"అయితే ఫోన్లో ఒక్కసారైనా చెప్పలేదేమే?"

"ఏమని చెప్పను? నన్ను చూసి మీరంతా మురిసిపోతుంటిరి."

బావగారు పొట్లాల దొంతర సర్దుతున్నట్టు నటించాడు. చెల్లెలు గొంతు తగ్గించింది.

"ఇంకొకటుంది. నలభై అయిదుమందిని తీసేసినప్పుడు, ఉండాల్సినవాళ్ళెవరో చెప్పమని నన్నే అడిగారు. అక్కడ నేనే పెద్దదాన్ని కదా. రెండు రాత్రులు ఏడ్చాను, మూడో రోజు చెప్పాను. మళ్ళీ నలుగుర్ని చెప్పమన్నారు. ఈసారి ఏడుపు రాలేదు. గబగబా చెప్పేశాను. చివరికి చెప్పడానికి ఎవరూ మిగలకపోతే నన్ను పంపించారు. ఆ ఊళ్ళో ఇప్పుడు నాకో గుమ్మం లేదక్కా. వీధిలో వెళుతుంటే తలుపులేసుకుంటారు. వాళ్ళు తిట్టినా బాగుండు. తిట్టరు. మనిషి వెళుతున్నట్టే చూడరు. నేను పని కోసం వచ్చానని చెప్పాను కదా, అది సగమే నిజం."

మేస్త్రక్క అప్పుడు కూర్చుంది. చెల్లెలి పొంగిన పాదాలు ఒళ్ళోకి లాక్కుని, మేజోళ్ళు ఊడదీసి, నెమ్మదిగా పిసకడం మొదలుపెట్టింది. ఎంతసేపయినా ఆపకపోతే, "చాల్లే అక్కా," అంది చెల్లెలు.

"రేపు నేను చెప్పకపోతే?"

"వాళ్ళే చెబుతారు. పోయేవాళ్ళు ఎలాగూ పోతారు. అందులో నువ్వుండచ్చు కూడా."

భర్త నోరు తెరిచాడు. ఏమనుకున్నాడో, మళ్ళీ మూసుకున్నాడు. ఆ మనిషి ఒక సాయంత్రమంతా మాట్లాడకుండా ఉండడం ఆమె చూడడం అదే మొదలు.

*

శనివారం పొద్దున ఆమె బయల్దేరుతుంటే ఆయన గోడ పట్టుకుని లేచి, గుమ్మందాకా కుంటుతూ వచ్చాడు. "చెప్పెయ్యవే," అన్నాడు. "మనకింకో దారి లేదు. తిట్టుకుంటే తిట్టుకుంటారు." ఆమె ఆయన చొక్కా గుండీ సరిచేసింది.

చెల్లెలు ఆమెతో పాటే షెడ్డుకి వచ్చింది. పాతవాళ్ళు గుర్తుపట్టి ఒకరిద్దరు నవ్వారు, కానీ ఆ రోజు ఎవరికీ పలకరింపుల మీద మనసు లేదు. చెల్లెలు పటం ముందు చాలాసేపు నిలబడింది. నీలంగీత ఒకచోట సన్నగా మెట్టెక్కింది, ఇంకోచోట నిటారుగా లేచింది. ఆ మెట్టు దగ్గర వేలుంచి, "ఇక్కడ పదిహేనుమందిమి," అంది అక్కతో. వేలు పైకి జరిపి, "ఇక్కడ నలుగురం." గీత చివర, అన్నిటికంటే ఎత్తుమీద వేలు ఆపి ఏమీ అనకుండా చెయ్యి దించేసుకుంది.

మేస్త్రక్క మేనేజరు గదిలోకి వెళ్ళింది. కళ్ళజోడాయన కూడా అక్కడే ఉన్నాడు. మేనేజరు పెన్ను తీశాడు.

"ఊఁ, చెప్పు."

"నేను చెప్పను సార్."

"అంటే?"

"పని చేయించమంటే చేయిస్తాను. ఈ పని నావల్ల కాదు. తీసేసేది మీరు కదా, మీరే వచ్చి చెప్పండి." అంత మాటా ఒక్క ఊపిరిలో అనేసింది. బల్లని పట్టుకుంది.

మేనేజరు మొహం గంటుపెట్టుకున్నాడు. "ఇదేమన్నా బ్రహ్మవిద్యా! నేనే చెబుతా పద," అని విసురుగా లేచాడు.

షెడ్డులో ఆడవాళ్ళు పీటల మీంచి లేచారు. అతను వాళ్ళ ముందుకొచ్చి నిలబడి నోరు తెరిచాడు. పిలవడానికి ఒక్క పేరు కూడా అతని నోటికి రాలేదు. ఎనిమిదేళ్ళుగా రోజూ ఆ గుట్ట పక్క నుంచే నడిచి వెళుతున్నాడు. ఎప్పుడు ఏ పని కావాలన్నా 'మేస్త్రీ' అని ఒక్క కేకే వేసేవాడు. అతను మేస్త్రక్క వంక చూశాడు. ఆమె నేల వంక చూసింది.

"ఆ నీలం తలగుడ్డ," అన్నాడు వేలు చూపించి.

నీలం తలగుడ్డలవాళ్ళు ఇద్దరు పక్కపక్కనే ఉన్నారు. "ఎవరు సార్? నేనా, ఈవిడా?" అంది ఒకామె. వెటకారానికి అడగలేదు. ఆమె పెదాలు తెల్లబడిపోయి ఉన్నాయి.

"ఎవరో ఒకరు!" అన్నాడు.

ఆ మాట పైరేకులకి తగిలి అతనికే మళ్ళీ వినిపించినట్టుంది. చెమట తుడుచుకున్నాడు. కళ్ళజోడాయన కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకోకుండా చేతిలోనే ఉంచుకున్నాడు.

ఆ తర్వాత అతను గబగబా ముగించాలని చూశాడు. ఇటు ఒకామెని, అటు ఒకామెని చూపించాడు. కొత్తకోడల్ని చూపించాడు, ఆ పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. రేడియో మొదటి వరసలోనే, ముఖం బాగా కనపడేలా, నవ్వు తెచ్చిపెట్టుకుని నిలబడింది. అతని వేలు ఆమె దాకా వచ్చి, ఆమె మీంచి జారి, వెనక ఎవరి మీదికో పోయింది. ఆ నవ్వు తీసేయడం మర్చిపోయి ఆమె అలాగే నిలబడిపోయింది. గుట్ట అవతల ఒకామె లేవకుండా, వెనక్కి తిరిగి, వంగి పనిచేసుకుంటూనే ఉంది. "అదిగో, ఆవిడ," అన్నాడు మేనేజరు. "పని ఆపకుండా చేస్తోంది చూడు, ఆవిడ ఆరోది."

ఆమె తిరిగింది. బంక పిన్ని. మేనేజరు తడబడ్డాడు. "కాదు, అంటే..." అని ఆగాడు. కళ్ళజోడాయన నీరసంగా, "ఆరుగురయ్యారు కదండీ. చాలు. ఇక చాలు," అన్నాడు.

మేస్త్రక్క తన నడుముకి కట్టుకున్న మందపాటి గుడ్డ విప్పడం మొదలుపెట్టింది. మేనేజరు చూసి, "అదేంటి? నువ్వెక్కడికి?" అన్నాడు.

"ఆరుగురిలో నేను లేను కదా సార్."

"నువ్వు లెక్కలోకి ఎందుకొస్తావు? వాళ్ళారుగురూ, వాళ్ళ మీద నువ్వూ. బెల్టయినా ఒక మేస్త్రి ఉండాలి కదా." అతని గొంతు మెత్తబడింది. "ఇందాక అన్నది మర్చిపోయానులే. సోమవారం తొందరగా రా."

ఆమె చేతులు ముడి దగ్గరే ఆగిపోయాయి. ఇంట్లో మందుల సీసాలూ, బార్లా చాపిన కాలూ, గుమ్మందాకా కుంటుతూ వచ్చిన మనిషీ అన్నీ ఒక్కసారే కళ్ళముందుకొచ్చాయి. సరే సార్ అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. చుట్టూ ఎవరూ ఆమెని తప్పుపట్టేలా చూడడంలేదు. చూసే ఓపిక కూడా వాళ్ళకి లేదు.

"సార్," అంది, "మళ్ళీ ఎప్పుడైనా ఈ ఆరుగురిలో ఇద్దర్ని చెప్పమని అడుగుతారా?"

మేనేజరు కళ్ళజోడాయన వంక చూశాడు. ఆయన గోడమీది పటం వంక చూశాడు. ఇద్దరిలో ఎవరైనా 'లేదు' అంటారేమోనని ఆమె నిజంగానే ఎదురుచూసింది. అబద్ధానికైనా అని ఉంటే ఉండిపోయేదేమో. వాళ్ళు అనలేదు.

ఆమె ముడి విప్పింది. గుడ్డ నాలుగు మడతలు వేసి పీట మీద పెట్టింది.

బంక పిన్ని గుట్ట చుట్టూ తిరిగొచ్చి ఆమె మణికట్టు పట్టుకుంది. "నన్నొక్కదాన్నీ ఇక్కడ పారేసి పోతావుటే? బెల్టంటే ఏంటో నాకేం తెలుసు? దాని ముందు నేనేం నిలబడతాను?" చిన్నపిల్లలా బెంబేలు పడుతోంది. బెల్టు మేస్త్రక్క కూడా ఎన్నడూ చూడలేదు.

అప్పుడు చెల్లెలు ముందుకొచ్చింది. గోడకి ఆనించి ఉన్న పొడుగాటి చెక్క తీసి రెండు బేళ్ళ మీద అడ్డంగా పెట్టింది. మంచి కోటు విప్పి పక్కన పెట్టేసింది. "ఇలా నిలబడు పిన్నీ. కాళ్ళు కాస్త ఎడంగా పెట్టు. కాగితం నీ దగ్గరికొచ్చేదాకా చెయ్యి చాపకు, వెంటపడితే భుజం పోతుంది. చూపు బెల్టు మీదే ఉంచితే కళ్ళు తిరుగుతాయి. మధ్యమధ్య తలెత్తి ఎదురుగా గోడని చూడు." చెక్క మీద కాగితాలు చేత్తో జరుపుతూ పోయింది. పిన్ని తీయబోయి రెండుసార్లు జారవిడిచింది, మూడోసారి అందుకుంది. కొత్తకోడలు వచ్చి పిన్ని పక్కన నిలబడింది. మిగతా నలుగురూ వచ్చారు. మేనేజరు గదిలోకి వెళ్ళిపోయాడు.

మేస్త్రక్క బయటికి వచ్చింది. గేటు దాటిందాకా బాగానే నడిచింది. ప్రహరీ మలుపు తిరగ్గానే ఆగిపోయింది. గోడ నీడలో కూలబడింది. ఏం చేశాను, ఎంత పని చేశాను అన్న ఒక్కమాటే తలలో గిరగిరా తిరుగుతోంది. ఇంటికి వెళ్ళి ఆయన మొహం ఎలా చూడాలి?

కాసేపటికి చెల్లెలు వచ్చి, కోటు భుజాన వేసుకుని, పక్కన చతికిలబడింది.

"ఏం తింటామే?" అంది మేస్త్రక్క.

"తెలీదక్కా."

పనిపోయినవాళ్ళు ఒక్కొక్కరే గేటులోంచి వస్తున్నారు. కొందరు చూడకుండా వెళ్ళిపోయారు. కొందరు అడుగు ఆపి మళ్ళీ నడిచారు. అందరికంటే చివర రేడియో వచ్చింది. వాళ్ళ ముందు ఆగింది. తిడుతుందనుకుని మేస్త్రక్క తల వంచుకుంది. రేడియో వాళ్ళ పక్కనే గోడకి ఆనుకుని కూర్చుంది. సంచీలోంచి అన్నం డబ్బా తీసి మూత విప్పి ముగ్గురి మధ్యా పెట్టింది.

"నాకేం వద్దే. గొంతు దిగదు," అంది మేస్త్రక్క.

"దిగకపోయినా తిను. మీ ఇద్దరూ తలో ముద్దా తినండి," అంది రేడియో, ఎటో చూస్తూ. "డబ్బా ఇలా నిండుగా పట్టుకెళితే, ఎందుకు తినలేదని పిల్లలడుగుతారు. ఏం చెప్పాలో నేనింకా అనుకోలేదు."